మడవ మూస్తే నీళ్ళు ఎటు పోతాయి?

(ఐరాల ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ముప్పై ఏళ్ళు హైదరాబాదులో మందులు చేసినావు గదా, ఏదో ఒక మందు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు, ఫార్ములాలు మాత్రం వద్దు" అన్నాడు. సరేనన్నాను. నేను చెప్పబోయేది స్టెరాయిడ్ హార్మోన్ల సంగతి, ఒంట్లో వాటి తయారీని ఆపే ఒక మందు సంగతి. మగవాళ్ళ జబ్బు గురించి కూడా కొన్ని మాటలు వస్తాయి. ఇంతమంది ముందు మొహమాటంగానే ఉంది. కానీ ఆ మొహమాటం మా ఇంట్లో ఏం చేసిందో చెప్పడానికే వచ్చాను కాబట్టి చెప్తాను.

తొమ్మిదో తరగతిలో మా సైన్సు సారు వినాళ గ్రంథుల పాఠం చెప్పినారు. అధివృక్క గ్రంథి అనే మాట మాకు నోరు తిరగలేదు. సారు నల్లబల్ల మీద మూత్రపిండం బొమ్మ గీసి, దాని నెత్తిన చిన్న టోపీ పెట్టి, "వృక్కమంటే ఇది. దాని పైన ఉండేది గనక అధివృక్కం. అంతే" అన్నారు. ఆ టోపీ ఈ రోజుకీ నా కళ్ళముందు ఉంది. తరువాత చిత్తూరులో డిగ్రీ, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగానికి హైదరాబాదు పోయినాను. బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి సొంత కంపెనీలు పెడుతున్న కాలం అది. 1970 పేటెంటు చట్టం వల్ల మన దేశంలో మందుకు పేటెంటు లేదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉండేది. వేరే దారి కనిపెడితే చాలు. మాబోటి పల్లెటూరి కెమిస్టులకు అన్నం పెట్టింది ఆ వేరే దారే.

2020లో మా నాయనకు నడుము నొప్పి మొదలైంది. పొలం పని చేసిన మనిషికి నడుము నొప్పి వింత కాదని ఆరు నెలలు నూనె రాసుకున్నాడు. రాత్రి నాలుగైదు సార్లు లేచేవాడని అమ్మకు తెలుసు. నాకు చెప్పలేదు. చివరికి వేలూరు తీసుకుపోతే ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలింది.

ఈ జబ్బు మగ హార్మోను, అంటే టెస్టోస్టిరాన్, తిని పెరుగుతుందని 1941లో అమెరికాలో చార్లెస్ హగిన్స్ చూపించాడు. వృషణాలు తొలగిస్తే రోగులు కోలుకున్నారు. దానికి 1966లో నోబెల్ వచ్చింది. కానీ కొంతకాలానికి జబ్బు తిరగబడేది, ఎందుకంటే మా సారు గీసిన ఆ టోపీ కూడా కాస్త మగ హార్మోను ముడిసరుకును తయారుచేస్తుంది. హగిన్స్ ఊరుకోలేదు. 1945లో కొందరు రోగులకు రెండు అధివృక్క గ్రంథులూ తీసేశాడు. వాళ్ళు ఎక్కువ కాలం బతకలేదు. ఆ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను కూడా ఇస్తాయి, అది లేకపోతే మనిషి నిలవడు. దానికి బదులుగా ఇవ్వడానికి కార్టిజోన్ అప్పటికి అందుబాటులో లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మా నాయన కథలో మళ్ళీ వస్తుంది.

ఫార్ములాలు వద్దన్నారు కాబట్టి కయ్యలకు నీళ్ళు కట్టినట్టు చెప్తాను. బావి నీళ్ళు కొలెస్టరాల్. మనం భయపడే కొలెస్టరాలే, అది లేకుండా ఈ హార్మోన్లలో ఒక్కటీ లేదు. ఒకటే కాలువ, మూడు కయ్యలు. మొదటిది ఉప్పు కయ్య: ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్లు. రెండోది కార్టిసాల్ కయ్య. మూడోది మగ హార్మోన్ల కయ్య, ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ కూడా దాని నుంచే పారుతుంది. రెండు, మూడు కయ్యలకు పోయే నీళ్ళు ఒకే మడవ దాటాలి. ఆ మడవ పేరు సీవైపీ 17 అనే ఎంజైము.

దాన్ని మందుతో మూయవచ్చని ఒకరకంగా పొరపాటున తెలిసింది. బూజు రోగాలకు వాడే కీటోకొనజోల్ మింగిన మగవాళ్ళలో కొందరికి రొమ్ములు ఉబ్బినాయి. టెస్టోస్టిరాన్ తయారీకి ఆ మందు అడ్డుపడుతోందని 1980ల మొదట్లో గ్రహించారు. అయితే అది మొద్దు గునపం లాంటిది, అన్నిచోట్లా తగులుతుంది, కాలేయాన్నీ వదలదు. లండన్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థలో మైక్ జార్మన్, గెర్రీ పాటర్, ఎలైన్ బ్యారీ బృందం ఆ ఒక్క మడవకే సరిపడే మందు కోసం పనిచేసి, 1990లలో అబిరాటెరోన్ చేసింది. ఎంజైము నడిమధ్య ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. స్టెరాయిడ్ అణువుకు పిరిడిన్ వలయం ఒకటి తగిలించి, అందులోని నత్రజని ఆ ఇనుమును పట్టుకునేట్టు చేశారు. అమెరికాలో అనుమతి 2011 ఏప్రిల్‌లో వచ్చింది. 1195 మంది మీద చేసిన పరీక్షలో, అప్పటికే కీమో అయిపోయినవాళ్ళలో, మధ్యగత జీవితకాలం 10.9 నెలల నుంచి 14.8కి పెరిగింది. నాలుగు నెలలేనా అని మీరు అడగవచ్చు, మా ల్యాబులో కుర్రవాళ్ళూ అడిగినారు. తరువాత 2017లో, జబ్బు కనబడగానే మొదలుపెట్టి చూస్తే, మూడేళ్ళకు బతికున్నవాళ్ళు నూటికి 49 నుంచి 66 అయ్యారు.

ఈ మందును నేను చేసినాను. ఒక కంపెనీలో ఆ అణువు తయారీ పద్ధతి మీద నాలుగేళ్ళు పనిచేశాను. పల్లాడియం అనే ఖరీదైన లోహం సాయంతో ఆ పిరిడిన్ వలయాన్ని అతికిస్తాం. జపాను శాస్త్రవేత్త సుజుకి పేరున్న పద్ధతి అది, ఆయనకు 2010లో నోబెల్ వచ్చింది. అతికించడం కాదు కష్టం, తరువాత ఆ పల్లాడియం జాడ మందులో మిగలకుండా కడగడం. ఎన్ని రాత్రులు రియాక్టరు పక్కన నిలబడినానో. అది తెల్లటి పొడిగా దిగినరోజు నాకు కొడుకు పుట్టినంత సంతోషం.

అటువంటి మందు మా నాయనకే రాసినారు. ఆపరేషన్ అయింది, తరువాత రోజూ 250 మిల్లీగ్రాముల పెద్ద బిళ్ళలు నాలుగు, ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాముల చిన్న బిళ్ళ ఒకటి. పెద్దవి పరగడుపున మింగాలి, తరువాత గంటదాకా ఏమీ తినకూడదు. కొవ్వున్న భోజనంతో మింగితే ఒంట్లోకి పది రెట్లదాకా ఎక్కువ ఎక్కుతుంది. నేను హైదరాబాదు నుంచి ఫోన్లో ఆ పరగడుపు మాట పదిసార్లు చెప్పినాను. చిన్న బిళ్ళ ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. డాక్టరు చెప్పి ఉంటాడులే అనుకున్నాను.

2021 ఎండాకాలం గుర్తుందా? కరోనా రెండో అల. స్టెరాయిడ్ల వల్లే బ్లాక్ ఫంగస్ వస్తుందని టీవీలో పొద్దుగూకులూ చెప్పినారు. ఎవరో మా నాయన మందుల చీటీ చూసి, ఆ చిన్న బిళ్ళ స్టెరాయిడ్ అని చెప్పినారట. ఆయన నిలిపేశాడు. పెద్దవి మాత్రం మానలేదు. "అంత దుడ్డు పోసి కొన్నావు, అవి ఎట్ల మానేది?" అన్నాడు తరువాత. రూపాయో రెండో పెడితే వచ్చే బిళ్ళ ఆయన లెక్కలోకి రాలేదు.

మూడు వారాలకు కాళ్ళు వాచినాయి. మంచం మీదినుంచి లేవలేనంత నీరసం. బీపీ ఎన్నడూ లేనంత పెరిగింది. చిత్తూరులో రక్తం పరీక్ష చేయిస్తే పొటాషియం బాగా పడిపోయి ఉంది. తమ్ముడు ఫోన్లో ఆ అంకెలు చదువుతుంటే నాకు కాళ్ళకింద నేల కదిలింది. ఆ అంకెల అర్థం నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా వంశంలోనే లేరు.

జరిగింది ఇది. మడవ మూశాం. మగ హార్మోన్ల కయ్య ఎండింది, మనకు కావలసింది అదే. కానీ కార్టిసాల్ కయ్య కూడా ఎండింది. బావి దగ్గర మోటారు వేసే మనిషి పీయూష గ్రంథి. ఆ మనిషి చూసేది కార్టిసాల్ కయ్యనే. అది ఎండితే నీళ్ళు చాలడం లేదనుకుని మోటారు ఇంకా జోరుగా వేస్తాడు. మడవ మూసి ఉంది కదా, ఆ నీళ్ళన్నీ ఉప్పు కయ్యలోకి పొర్లి గెనిమలు తెంచుతాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. అదే వాపు, అదే బీపీ. ఆ చిన్న బిళ్ళ చేసేదల్లా, ఎండిన కార్టిసాల్ కయ్యలో బిందెతో నాలుగు నీళ్ళు పోయడం. కయ్య తడిగా కనిపిస్తే మోటారు నిదానిస్తుంది.

నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచి, పొటాషియం ఎక్కించి, చిన్న బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టినారు. వాపు దిగింది. నేను ఊరికొచ్చి, వరండాలో మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు మీకు చెప్పినట్టే కయ్యలు, మడవలు అన్నీ చెప్పినాను. ఆయన ఆసాంతం విని, "పెద్ద బిళ్ళ స్టెరాయిడ్ కాదా మరి?" అన్నాడు. అదీ స్టెరాయిడే నాయనా, దాని ఎముకల గూడు అదే, నీ ఒంట్లో ఊరేదీ స్టెరాయిడే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంత తెలిసినవాడివి, ఇన్నాళ్ళు ఫోన్లో తిన్నావా, తాగినావా అని అడిగేబదులు ఇది చెప్పుంటే పోయేది గదరా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

ఇంకొక సంగతి, ఇది క్యాన్సర్ లేనివాళ్ళకు. ఈ సభలో ఉబ్బసానికో, కీళ్ళవాతానికో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటివి మింగేవాళ్ళు తప్పక ఉంటారు. వాడకుండా పెట్టిన మోటారు బిగుసుకుపోయినట్టు, బయటి మందు వస్తున్నంతకాలం మన పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథులు పని మానేస్తాయి. ఎవరో భయపెట్టారని ఒక్కరోజులో ఆపేస్తే, జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు ఒంట్లో కార్టిసాల్ ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గించేది అందుకే. డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో అడిగి తెచ్చుకుని ఏళ్ళతరబడి మింగడం మరో తప్పు. దాని గురించి మొదలుపెడితే కార్యదర్శి గంట కొడతాడు.

మా నాయన ఆ తరువాత రెండేళ్ళకు పైగా ఉన్నాడు. అందులో ఏడాదిన్నర బాగానే, చెరుకు తోట దాకా నడిచి వచ్చేవాడు. రాత్రిపూట నాలుగుసార్లు లేస్తున్నానని నాకు ముందే చెప్పుంటే ఎంత తేడా వచ్చేదో లెక్క కట్టడం మానేశాను.

భోజనాలు అయినాక నేను పదో తరగతి గది మెట్ల మీద కూర్చుంటాను. ఇంట్లో ఎవరికైనా ఈ మందులు ఉంటే చీటీ పట్టుకుని రండి. నేను డాక్టరును కాదు, బిళ్ళ పెంచమనీ తగ్గించమనీ చెప్పను. ఏ బిళ్ళ ఏ కయ్యకో మాత్రం చెప్తాను.