రాకీ పర్వతాల్లో ఆవకాయ జాడీ

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

 

"కెనడాలో ఏం సాధించావో నాలుగు మాటలు చెప్పు" అన్నారు నిర్వాహకులు. నేను గీసిన పైపులైన్ల గురించి మొదలుపెడితే మీరంతా భోజనాల వైపు చూస్తారని నాకు తెలుసు. అందుకే ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, స్నేహితులతో టెంట్ వేసుకుని తిరిగిన తిరుగుళ్ళ గురించి చెబుతాను. ఉద్యోగం సంగతి కూడా మధ్యలో వస్తుంది, తప్పదు.

నేనుండేది కాల్గరీలో. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున పడమటి వైపు చూస్తే రాకీ పర్వతాలు మంచు టోపీలు పెట్టుకుని కనిపిస్తాయి. 130 కిలోమీటర్లు పోతే బాన్ఫ్. 1885లో మొదలైన, కెనడాలోకెల్లా మొదటి జాతీయ వనం అది. ఇంత దగ్గర్లో ఉండి కూడా పదహారేళ్ళు నేను ఆ కొండల్లో ఒక్క రాత్రి పడుకోలేదు. ఇండియా నుంచి చుట్టాలొస్తే పొద్దున తీసుకెళ్ళడం, లేక్ లూయీజ్ దగ్గర ఫోటో, రాత్రికి ఇల్లు. తిరుపతి క్యూలో "జరగండి, జరగండి" అన్నట్టే ఉండేది మా విహారం.

2016 జనవరిలో పీపా చమురు ధర 30 డాలర్ల కిందికి పడిపోయింది. ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఆ ఏడాది చివరికి మా ఊళ్ళో నిరుద్యోగం 10 శాతం దాటింది. కాబట్టి నా ఒక్కడి కథ కాదది. కానీ ఎవరి ఇంటి అప్పు వాళ్ళదే. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. అమీర్‌పేటలో ఉన్న నాన్నకు మాత్రం చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది నాన్నా" అనేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ పది నిమిషాలకోసారి ఈమెయిల్ చూసుకునేవాణ్ణి.

జూన్ చివర్లో కరీంనగర్ మిత్రుడొకడు ఇంటికొచ్చాడు. "అరే, ఇంట్ల కూసొని ఏం జేస్తవ్? శుక్రవారం తయారుగుండు. కొండలకు పోతున్నం" అన్నాడు. గుంటూరు మిత్రుడు అప్పటికే కారులో బియ్యం బస్తా ఎక్కించేశాడు. ముగ్గురం బయల్దేరాం.

లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ దాకా ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అని సుమారు 230 కిలోమీటర్ల రోడ్డు ఉంది. ఆగకుండా పోతే మూడు గంటలు. మేం నాలుగు రోజులు తీసుకున్నాం. బో సరస్సు దగ్గర ఆగాం, పేటో సరస్సు దగ్గర ఆగాం. హిమానీనదం రాతిని నూరి వదిలిన సన్నటి పిండి నీళ్ళలో తేలుతూ ఉండడం వల్ల వచ్చిన నీలం రంగది. వాటర్‌ఫౌల్ సరస్సుల పక్కన టెంట్ వేశాం. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. మొదటి రోజు చెయ్యి జేబులోకి ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు.

టెంట్ జీవితంలో పనులకు ఒక వరస ఉంటుంది. నీళ్ళు తేవాలి, కట్టెలు చీల్చాలి, పొయ్యి రాజెయ్యాలి. కట్టెలు కూడా ఇంటి నుంచి తేకూడదు, వాటితో పాటు పురుగులు అడవిలోకి వస్తాయి. అక్కడే కొనుక్కోవాలి. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. ముగ్గురు ఇంజనీర్లం గంటసేపు చర్చించాక, గుంటూరు మిత్రుడు మాట్లాడకుండా వెళ్ళి వాళ్ళావిడ సర్దిచ్చిన ప్రెషర్ కుక్కర్ తెచ్చాడు.

ఇక ఎలుగుబంట్ల సంగతి. వాసన వచ్చేదేదీ టెంట్‌లో ఉండకూడదు. బియ్యం, నూనె, చివరికి పళ్ళపేస్టు కూడా కారులో గానీ అక్కడుండే ఇనుప పెట్టెలో గానీ పెట్టి తాళం వెయ్యాలి. రోజూ రాత్రి మా ఆవకాయ జాడీని ఊరేగింపుగా తీసుకెళ్ళి డిక్కీలో పెట్టేవాళ్ళం. ఆ కారం ఎలుగుబంటి తింటే పాపం దానికే కష్టమని మా వాదన.

మర్నాడు కొలంబియా మంచు మైదానం చూశాం. అక్కడ పుట్టిన నీళ్ళు మూడు సముద్రాలకు పోతాయి. కొన్ని పసిఫిక్‌కు, కొన్ని హడ్సన్ అఖాతం మీదుగా అట్లాంటిక్‌కు, కొన్ని ఆర్కిటిక్‌కు. ఆర్కిటిక్ వైపు పోయేది అథబాస్కా నది. పదహారేళ్ళు నా జీతం వచ్చింది ఆ నది పక్కనున్న చమురు ఇసుక నుంచే. ఏ నీళ్ళ ఒడ్డున బతికానో వాటి పుట్టుక చూడ్డానికి ఉద్యోగం పోవలసి వచ్చింది. అథబాస్కా హిమానీనదం వెనక్కి పోతున్న కొద్దీ ఏ సంవత్సరం ఎక్కడుండేదో అక్కడ గుర్తులు పాతారు. వాటి పక్క నుంచి నడుస్తుంటే ముగ్గురికీ మాటలు రాలేదు.

ఆ రోజుల్లో అక్కడ రాత్రి పది దాకా వెలుగుంటుంది. మంట చుట్టూ కూర్చున్నప్పుడు, నాన్నకు చెప్పలేదన్న సంగతి బయటపెట్టాను. ఎవరూ సలహాలివ్వలేదు. చాలాసేపటికి కరీంనగర్ మిత్రుడు, "సిగ్నల్ రాంగనే ఫోన్ జెయ్యి" అన్నాడు. అంతే.

తిరుగు ప్రయాణంలో లేక్ లూయీజ్ ఊళ్ళో సిగ్నల్ వచ్చింది. అక్కడ సాయంత్రం ఏడు, ఇక్కడ మర్నాడు పొద్దున ఆరున్నర. చెప్పాను. నాన్న కాసేపు ఆగి, "నాకు మార్చిలోనే అనుమానమొచ్చింది రా. ప్రతి ఆదివారం ఆఫీసు మీద విసుక్కునేటోడివి, ఒక్కసారిగ బంద్ జేసినవ్. సరే, అన్నం తిన్నవా?" అన్నారు. తరవాత ఐదేళ్ళకు నాన్న పోయారు. ఆ ఐదేళ్ళూ మా ఇద్దరి మధ్య దాపరికం లేదు.

కొండలకు పోయినందుకు ఉద్యోగమేమీ రాలేదు. ఏడాది తరవాత, తక్కువ జీతానికి మరొకటి దొరికింది. కానీ అప్పటి నుంచి ఏ వేసవీ మానలేదు. జూలైలో కనోలా చేలు పసుపుపచ్చగా పూస్తాయి, ఆవాల జాతి పైరే అది. ఆగస్టులో టేబర్ ఊరి మక్కకంకులు కొనుక్కుని, మంట మీద కాల్చి నిమ్మకాయ, కారం రుద్దుకుంటాం.

ఇదంతా చెబుతుంటే నాకు మన తొమ్మిదో తరగతి విహారయాత్ర గుర్తొస్తోంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మా సోషల్ సార్ ఒక సన్నటి ధార చూపించి, "చూడండి, మన మూసీ ఇక్కడ్నే పుడుతది" అన్నారు. మేం నమ్మలేదు. సార్, మూడు సముద్రాలకు పోయే నీళ్ళ పుట్టుక చూసినప్పుడు మీ మాటే గుర్తొచ్చింది. ఆ రోజు నమ్మనందుకు క్షమించండి.

చివరగా ఒక విన్నపం. స్వర్ణోత్సవానికి మనమంతా బడికి ఏదో ఒకటి ఇవ్వాలనుకుంటున్నాం. కంప్యూటర్లు ఇద్దాం, మంచిదే. దానితో పాటు ఏటా డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని, టీచర్లను అనంతగిరికి తీసుకెళ్ళి ఒక రాత్రి అక్కడ ఉంచే ఖర్చు మన సంఘం భరిస్తే బాగుంటుంది. మొదటి ఐదేళ్ళ ఖర్చు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. మా వాళ్ళతో నిన్ననే మాట్లాడాను. షరతు ఒక్కటే. సాయంత్రం కాగానే ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. వెంట వచ్చే పెద్దలవి కూడా.

ఆవకాయ జాడీ నేను తెస్తాను. సెలవు.