డిగ్రీ అయినంక డాక్టర్ చదువు: వయసు దాటలేదు

(ఆదిలాబాద్ ఏజెన్సీ యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలు)



పోడు గురించి, పట్టాల గురించి పెద్దలు మాట్లాడిన్రు. నేను బీఎస్సీ అయిపోయి ఇంటికాడ కూసున్నోళ్ల ముచ్చట చెప్త.

మన గూడేలల్ల బీజడ్‌సీ చేసినోళ్లు ఉన్నరు. టీచర్ అయితమని చదివిన్రు. ఏజెన్సీల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దారి ఇరుకైంది. ఇప్పుడు వాళ్లల్ల కొందరు "మళ్లీ చదివి నీట్ రాస్త" అంటున్నరు. అనంగనే ఇంట్ల, ఊర్ల ఒకటే మాట: "డిగ్రీ అయింది గదా, ఇంకెన్నేండ్లు? డాక్టర్ చదువుకు వయసు దాటింది."

దాటలేదు. నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేసిన్రు. ఎస్టీలకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం ఉంటే రాయొచ్చు. ఇంటర్‌లో బయాలజీ లేనోళ్లు తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైనా అర్హులేనని 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. పరీక్ష తెలుగులో కూడా ఉంటది. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2022లో కొత్తగూడెంల, 2023లో ఆసిఫాబాద్‌ల సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనయి.

అయితే ఉత్త ఆశ పెట్టను. మొత్తం 720 మార్కులు. అందుల బయాలజీ 360, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. బీజడ్‌సీ చేసినోళ్లకు సగం పేపర్ తెలిసిందే. కాని డిగ్రీ మూడేండ్లు ఫిజిక్స్ ముట్టలేదు. దెబ్బ పడేది అక్కడ్నే. తప్పు రాస్తే మార్కు కూడా పోతది. క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టు కాదు, సీటు ర్యాంకును బట్టి. సీటు వచ్చినా ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేండ్లు. ఇవన్నీ లెక్కేసుకోని దిగాలె.

ఇంకో లెక్క ఉంది. ఒక కొడుకు ఏడాది పుస్తకాల ముందు కూసుంటే పత్తి చేన్ల ఒక మనిషి తక్కువ. ఆడపిల్ల కూసుంటే సంబంధాలు వస్తనే ఉంటయి. అందుకే ఇది ఒక్కని పట్టుదలతోని అయ్యే పని కాదు. రాయి సెంటర్ల పెద్దలను, పటేళ్లను అడుగుతున్న: ఊర్ల ఎవరన్న చదువుత అంటే ఆ ఇంటికి పోయి ఏడాది టైం ఇప్పియ్యండ్రి. ఆ ఏడాది పెండ్లి మాట ఎత్తొద్దని చెప్పండ్రి.

ఐటీడీఏను అడిగేది కూడా ఉంది. డిగ్రీ అయినోళ్ల కోసం హాస్టల్‌తోని ఏడాది లాంగ్‌టర్మ్ బ్యాచ్ పెట్టాలె. ఫిజిక్స్ మొదటి నుంచి చెప్పే లెక్చరర్ ఉండాలె. పట్నంల కోచింగ్ ఫీజు మన ఇండ్లు మొయ్యలేవు.

"నువ్వు పుస్తకాలల్ల పడితే ఉద్యమం ఎవరు నడుపుతరు?" అని కొందరు అన్నలు అడుగుతరు. మంచి ప్రశ్న. మన అవ్వ దవాఖానల నొప్పి గోండిల చెప్తది. డాక్టరుకు అర్థం కాదు. పక్కనున్న మనవడు తెలుగుల చెప్తడు. ఆడోళ్ల బాధలు మనవని ముందట చెప్పలేక అవ్వ సగం మింగుతది. ఆ సగం మాట కాగితం మీదికి రాదు, మందూ రాదు. జల్, జంగల్, జమీన్ కోసం కొట్లాడే మనిషి ముందు బతికి ఉండాలె గదా. అవ్వ మాట అవ్వ భాషల వినే డాక్టర్ కావాలనుడు కూడా ఉద్యమమే.

అందరూ డాక్టర్లు కావాలని చెప్తలేను. నర్సింగ్ ఉంది, ల్యాబ్ టెక్నీషియన్ ఉంది, అవీ మనకు కావాలె. కాని చదవాలని ఉండి, వయసు దాటిందన్న మాటకు ఆగిపోయినోళ్లు ఇక్కడ ఉంటే, మీటింగ్ అయినంక పేరు రాపియ్యండ్రి. ఆ పేర్లు పట్టుకోని అందరం కలిసి ఉట్నూర్ ఐటీడీఏకు పోదం.