లెక్క అడగటం, లెక్క చెప్పటం

 



దైవప్రవక్త (సఅసం) అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతడు తిరిగివచ్చి, తెచ్చినదాన్ని రెండు భాగాలు చేశాడు. ఒక భాగం ప్రజాధనమనీ, రెండవది తనకు కానుకగా వచ్చినదనీ చెప్పాడు. దైవప్రవక్త (సఅసం) ఆ విషయాన్ని నాలుగు గోడల మధ్య సర్దివేయలేదు. మింబర్ ఎక్కి, అందరి సమక్షంలో ఆ పద్ధతినే ఎండగట్టారు. ఆ ఉద్యోగి తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుకలు అతని గడప తొక్కేవా అని నిలదీశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది. ప్రజాధనం విషయంలో మందలింపు కూడా బహిరంగంగానే జరిగిందని గమనించండి.

మన నార్సింగి 2018 వరకు గ్రామ పంచాయతీ. గ్రామసభలో లేచి నిలబడి సర్పంచిని ప్రశ్నించిన పెద్దలు ఈ వరుసల్లోనే ఉన్నారు. ఆ తరువాత ఊరు మున్సిపాలిటీ అయింది, అంతస్తులు పెరిగాయి. అడిగే అలవాటు మాత్రం తగ్గింది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలను ఏర్పరచింది. తన వార్డు కమిటీ ఎప్పుడు సమావేశమైందో మనలో ఎందరికి తెలుసు?

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చింది. పది రూపాయల రుసుముతో, మన వీధి కాలువకు ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో, బిల్లుపై ఎవరు సంతకం చేశారో అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి అప్పీలు, ఆపై రాష్ట్ర సమాచార కమిషన్. అకారణంగా జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

అయితే 2023 ఫిబ్రవరి నుండి 2025 మే వరకు మన రాష్ట్ర కమిషన్‌లో కమిషనర్లే లేరు. అప్పీళ్లు పేరుకుపోయాయి. న్యాయమూర్తి లేని న్యాయస్థానానికి తలుపులు తెరిచి ఉంటే ఏమి లాభం? ప్రభుత్వం సాధించిన ప్రగతిని చెప్పేటప్పుడు ఈ రెండేళ్ల శూన్యాన్ని కూడా చెప్పటమే న్యాయం.

మెచ్చుకోవలసినదీ ఉంది. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. కూలీల ఇళ్ల నుండే వచ్చిన యువతీయువకులు మస్టర్లు పట్టుకుని గడపగడపకూ వెళ్లి, ‘ఈ రోజున మీరు పనికి వెళ్లారా, ఇంత కూలి ముట్టిందా’ అని అడిగేవారు. తేలినదాన్ని మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే చదివి వినిపించేవారు. కాజేసిన సొమ్మంతా తిరిగి రాలేదన్నది నిజం. అయినా, చదువురాని కూలీ పేరున ఉన్న దొంగ వేలిముద్ర ఆమె ముందే బయటపడటం చిన్న విషయం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తన గవర్నర్లపై ఫిర్యాదులు వచ్చినప్పుడు ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపి, స్థానిక ప్రజలనే విచారించమనేవారు. పద్ధతి దాదాపు ఇదే.

ఇక చెప్పటానికి కొంత కష్టమైన మాట. గత రంజాన్‌లో ఒక యువకుడు మన మస్జిద్ చందాల లెక్క అడిగాడు. అతనికి దక్కిన సమాధానం, ‘మా మీద అనుమానమా?’ అన్నది. ఆ మాట అన్నవారిలో నేనూ ఉన్నాను. దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం, బఖరా సూరాలోని 282వది, అప్పును రాసుకోవటం గురించీ సాక్షుల గురించీ అవతరించింది. నమ్మకస్తుల మధ్య కూడా కాగితం ఉండాలన్నది అల్లాహ్ ఆదేశం. ఆ యువకుడు అడిగింది దానినే. మున్సిపాలిటీని పది రూపాయలతో ప్రశ్నించమని మీకు చెబుతూ, నా ముందున్న ప్రశ్నకు నేను ముఖం చిట్లించాను. అతనికి క్షమాపణ చెప్పుకున్నాను.

వచ్చే జుమా నుండి మస్జిద్ జమాఖర్చులు వుజూఖానా పక్కన గోడపై నెలనెలా అతికించబడతాయి. రసీదుల కట్ట కార్యదర్శి వద్ద ఉంటుంది. అసర్ నమాజు తరువాత ఎవరైనా వచ్చి చూడవచ్చు. కారణం చెప్పనవసరం లేదు.