గంగమ్మ పంటకు ఎరువెక్కడిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కదా, నాకు తెలిసింది ఏదైనా చెప్పమన్నారు. మన సముద్రం గురించి చెబుతాను.

పొలానికి గెత్తం వేస్తాం, యూరియా చల్లుతాం. మరి సముద్రానికి ఎరువు ఎవరు వేస్తారు?

సముద్రంలో పైరంటే వృక్ష ప్లవకాలు. విడిగా కంటికి ఆనవు. వాటిని జంతు ప్లవకాలు, చిన్న చేపలు తింటాయి. ఆ చిన్న చేపలను వంజరం వంటి పెద్దవి తింటాయి. ఈ పైరుకు ఎండతో పాటు నత్రజని, భాస్వరం కావాలి. గాజులాంటి పెంకు కట్టుకునే డయాటమ్‌లకు సిలికా కూడా కావాలి. వంశధార, నాగావళి తూర్పు కనుమల రాళ్ళనుంచి కరిగించి తెచ్చేదాంట్లో ఈ సిలికా ఉంటుంది.

అయితే సముద్రం ఎక్కువగా బతికేది పాత ఎరువు మీదే. చచ్చిన ప్లవకాలు, చేపల మలం కిందికి దిగుతుంటే బాక్టీరియా వాటిని కుళ్ళబెట్టి నైట్రేటుగా, ఫాస్ఫేటుగా మార్చేస్తుంది. ప్లవకాల ఒంట్లోనూ, లోతు నీటిలోనూ నత్రజని, భాస్వరం దాదాపు ఒకే నిష్పత్తిలో ఉన్నాయని 1934లో అమెరికా శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ చూపించారు. తరువాత స్థిరపడిన లెక్క ఇది: 106 కర్బన పరమాణువులకు 16 నత్రజని, 1 భాస్వరం.

చిక్కు ఏమిటంటే, ఎరువు అడుగున, ఎండ పైన. రెండూ కలవాలంటే నీరు కలియబడాలి. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది వంటి నదుల మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. ఉప్పునీటి కుండకు మంచినీటి మూత పెట్టినట్టన్నమాట. గాలి ఆ మూతను సులువుగా కదపలేదు. గుజరాత్ వైపు అరేబియా సముద్రంలో శీతకాలపు పొడిగాలికి పైనీరు చల్లబడి, బరువెక్కి దిగుతుంది. ఆ కలియబాటులో అడుగు ఎరువు పైకొస్తుంది. అందుకే ఆ సముద్రంలో పైరు మెండు.

మన డి.మత్స్యలేశం కుర్రాళ్ళు వెరావల్ బోట్లెక్కడానికి ఇదొక్కటే కారణమనను. మనకు సరైన హార్బరు లేకపోవడం, కూలి దొరక్కపోవడం పెద్ద కారణాలు. కానీ చేప ఎక్కడుంటే వల అక్కడికే పోతుంది. 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్న మనవాళ్ళలో 20 మంది 2020 జనవరిలోగానీ ఇంటిముఖం చూడలేదు. ప్లవకాల లెక్క వెనక ఇంత కథ ఉంది.

మన తీరానికి గంగమ్మ బొత్తిగా అన్యాయమేమీ చేయలేదు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇక్కడి నీటిని పరిశీలించారు. నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే, భూభ్రమణం వల్ల పైనీరు కుడివైపుకు, అంటే లోపలికి జరుగుతుంది. ఆ చోటును నింపడానికి చల్లని అడుగునీరు ఎరువుతో సహా ఉబికి వస్తుంది. తుపానులు కూడా కొంతవరకు ఆ మూత పగలగొడతాయి. 2018 అక్టోబరులో మన కొబ్బరితోటలను కూల్చిన తిత్లీ లాంటి తుపాను వెళ్ళాక సముద్రంలో ప్లవకాలు పెరగడం కద్దు. ఊరికి చేటైనది నీటికి ఎరువవుతుంది.

ఎరువు ఎక్కువైనా ప్రమాదమే. పొలాల యూరియా, ఊళ్ళ మురుగు ఏటి ముఖాల్లో చేరితే ప్లవకాలు విపరీతంగా పెరిగి, చచ్చి కుళ్ళేటప్పుడు ప్రాణవాయువును లాగేసుకుంటాయి. మన సముద్రంలో లోతున ప్రాణవాయువు అసలే తక్కువ.

మన సంఘానికి ఒక్క విన్నపం. ఏటా ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను కళింగపట్నం తీసుకెళ్ళే బస్సు ఖర్చు మనం పెట్టుకుందాం. వంశధార నీరు ఒక సీసాలో, సముద్రపు నీరు ఇంకో సీసాలో తెచ్చుకుంటారు. ల్యాబులో ఏటినీటికి రంగు కలిపి ఉప్పునీటి మీద మెల్లగా పోస్తే, అది పైనే నిలుస్తుంది. స్ట్రాతో ఊది చూడమనండి, కలవడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుస్తుంది. ఆ పిల్లల్లో వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళూ ఉంటారు. తండ్రి వల ఎందుకు బరువెక్కిందో, ఎందుకు ఖాళీగా వచ్చిందో బడిలో నేర్చుకునే హక్కు వాళ్ళకుంది.