క్రైస్తవ విశ్వాసం - రాజకీయ జీవనం
(ప్రసంగ పాఠం)

మతవిశ్వాసానికీ, రాజకీయ జీవనానికీ గల సంబంధాన్ని గురించి రెండు వాదాలు తరచు వినవస్తుంటాయి. విశ్వాసం ప్రార్థనా మందిరపు గడప దాటరాదన్నది మొదటిది. ఒక మతంవారందరూ ఒకే రాజకీయ వర్గంగా నిలవాలన్నది రెండవది. ఈ రెంటికీ భిన్నమైన మూడవ మార్గం ఒకటి ఉన్నదని భారతీయ క్రైస్తవ నాయకులు పలువురు స్వాతంత్ర్య సమర కాలంలోనే గుర్తించారు.

1930లో లండనులో జరిగిన మొదటి రౌండు టేబులు సమావేశానికి సేలంలో జన్మించిన కె.టి. పాల్ హాజరయ్యారు. వై.ఎం.సి.ఎ.కు జాతీయ ప్రధాన కార్యదర్శి అయిన మొదటి భారతీయుడు ఆయనే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు అక్కరలేదన్నది ఆయన అభిప్రాయం. 1931లో జరిగిన రెండవ సమావేశంలో ఎస్.కె. దత్తా కూడా అదే వైఖరి అవలంబించారు. అయితే ఆ సమావేశానికే వెళ్ళిన మరొక క్రైస్తవ ప్రతినిధి ఎ.టి. పన్నీర్ సెల్వం ప్రత్యేక నియోజకవర్గాలు కోరిన అల్పసంఖ్యాకుల ఒడంబడికపై సంతకం చేశారు. చట్టసభలో స్థానం లేని చిన్న వర్గం గోడు ఎవరు వింటారన్న భయం నిరాధారమైనదని ఎవరూ అనలేరు. 1932 నాటి కమ్యూనల్ అవార్డు, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఆ కోరికనే మన్నించాయి.

ఈ ఏర్పాటును వ్యతిరేకించిన వారిలో తెలుగు ప్రజలకు సుపరిచితులైన వి.ఎస్. అజరయ్య ఒకరు. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులైన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన అధ్యక్షమండలంలో క్రైస్తవులైన వారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన నిరుపేదలు. ప్రత్యేక నియోజకవర్గం ఏర్పడితే బాప్తిస్మం పొందే ప్రతి మనిషీ ఒక ఓటుగా లెక్కకు వస్తాడు. సంఘం పెరుగుదల స్థానాల పెరుగుదలగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగువారికి అనుమానం కలుగుతుంది. ఆత్మకు సంబంధించిన నిర్ణయం ఆ విధంగా అంకగణితంగా మారిపోతుంది. అందువల్ల ఈ ఏర్పాటు దేశ సమైక్యతకే కాక విశ్వాసానికి కూడా హాని చేస్తుందన్న వాదానికి బలం చేకూరింది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రాజ్యాంగ పరిషత్తు ప్రత్యేక నియోజకవర్గాలను రద్దు చేసింది. వాటికి బదులు అల్పసంఖ్యాకులకు జనాభాను బట్టి కొన్ని స్థానాలు ప్రత్యేకించాలని నిర్ణయించింది. కాని 1949 మే నెలలో సర్దార్ పటేల్ అధ్యక్షతన గల సలహా సంఘం మతపరమైన అల్పసంఖ్యాకులకు ఆ స్థానాలు కూడా అవసరం లేదని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు, రాజ్యాంగ పరిషత్తు ఉపాధ్యక్షుడు. మద్రాసు నుంచి ఎన్నికైన జెసూట్ మతాచార్యుడు జెరోమ్ డిసౌజా పరిషత్తులో ఆ నిర్ణయాన్ని బలపరిచారు.

స్థానాలు వదులుకున్నవారు విశ్వాసాన్ని వదులుకోలేదు. మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛకు రాజ్యాంగం 25వ అధికరణంలో హామీ ఇచ్చింది. ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి వర్తించే ఆ స్వేచ్ఛ పౌరులందరిదీ. మరొకవైపు, మతం పేర ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య అయింది. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీం కోర్టు 4-3 మెజారిటీతో తీర్పు చెప్పింది.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేశారు. క్రైస్తవులైన దళితులకు ఆ సవరణలు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతులలో ఒక విభాగంగా పరిగణించారు. మతపరమైన ఈ పరిమితిని తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఇదే సమస్య పరిశీలనకు 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్ ఏర్పడింది. దోర్నకల్లు పల్లెల్లో అజరయ్య చూసిన పేదల మనుమలకు ఇది పుస్తకాలలోని చర్చ కాదు. చదువుకూ, ఉద్యోగానికీ సంబంధించిన విషయం. మతం మారినంత మాత్రాన ఊరిలో అంటరానితనం మాసిపోతుందా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

1949లో ఒక చిన్న వర్గం తన స్థానాలను విడిచిపెట్టింది భయంతో కాదు, తోటి పౌరులపై నమ్మకంతో. నమ్మకం ఉంచినవారి బాధ్యత ఆనాటితో తీరింది. దానిని నిలబెట్టుకోవలసిన బాధ్యత ప్రతి తరంలోనూ మిగతావారిపై ఉంటుంది. ఓటు వేసేటప్పుడు మతాన్ని కాక మనిషిని చూడగలిగిన ప్రతి పౌరుడూ ఆ ఋణంలో తన వంతు తీర్చినవాడవుతాడు.