సంతకానికి ముందు

సినిమాకో, పత్రికకో, పాటకో పని చేయాలని వచ్చే కుర్రకారు ముందుగా అడిగేది ఒకటే. మొదటి అవకాశం ఎలా వస్తుంది?

కె. విశ్వనాథ్ సంగతే చూడండి. మద్రాసులో ఆయన మొదట చేరింది వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలో. ఎవరి మాట తేలిపోతోంది, ఏ చప్పుడు సంభాషణను మింగేస్తోంది అని చెవి ఒగ్గి వినే పని అది. దర్శకుడిగా తొలి సినిమా ‘ఆత్మగౌరవం’ 1965లో వచ్చింది. ఆయనకు పెద్ద పేరు తెచ్చిన ‘శంకరాభరణం’ రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

అంటే, దొరికిన గుమ్మంలోంచి లోపలికి వెళ్లొచ్చు. ఆ గుమ్మం దొరికేదాకా వేరే ఉద్యోగమూ చేసుకోవచ్చు. పాటల రచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశారు. నెల జీతం చేతికందుతుంటే వచ్చిన ప్రతి బేరానికీ తలూపక్కర్లేదు.

ఇక అసలు చిక్కు, కాగితం. ‘మనలో మనకి అగ్రిమెంటు ఎందుకు’ అనేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. కాపీరైట్ చట్టం మాత్రం వేరేలా చెబుతుంది. హక్కులు రాసివ్వాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి లెక్క వేరనుకోండి. 2012లో చట్టాన్ని సవరించాక, సినిమా పాట థియేటరు బయట మోగితే వచ్చే రాయల్టీలో రచయితకూ, స్వరకర్తకూ వాటా ఉంది.

అందుకే అగ్రిమెంటులో మూడు వెతకాలి. ఏ హక్కు, ఎంతకాలం, ఎంత డబ్బు. మళ్లీ చెప్పుకుందాం: హక్కు, కాలం, డబ్బు. వీటిలో ఏది కనబడకపోయినా ఆ కాగితం సంతకం లేకుండానే ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్లకు చూపించాలి.