రాత్రివేళ సైకిల్ బాటకు దీపాలు

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ బాటకు సౌర ఫలకాల పైకప్పుతో పాటు, రాత్రి ప్రయాణానికి వీలుగా దీపాలు కూడా అమరాయి. చీకటి పడ్డాక ఉద్యోగులు ఇళ్లకు చేరే దారుల్లో గుంతలు, మలుపులు, ఎదురువచ్చేవారు స్పష్టంగా కనబడటానికి సైకిలుకుండే చిన్న దీపం చాలదు కనుక, అటువంటి బాటలకు వెలుగు అవసరమే. అయితే అది మితిమీరితే కళ్లు మిరుమిట్లుగొని చుట్టూ ఉన్న చీకటి మరింత చిక్కగా తోచడమే కాక, గబ్బిలాలు, కీటకాల రాత్రి సంచారం దెబ్బతింటుంది. కాంతి వర్ణాన్ని సూచించే కెల్విన్ ప్రమాణంలో 3000కు మించని, అంటే నీలికాంతి తక్కువగా ఉండే పసుపుఛాయ దీపాలను, వెలుతురు నేలపైకే ప్రసరించేలా మూతలతో బిగించి, కదలికను పసిగట్టే సెన్సర్ల సాయంతో బాట ఖాళీగా ఉన్నప్పుడు మసకబారేలా ఏర్పాటు చేయడం మేలు. రాత్రి రాకపోకలు లేని చెరువుగట్లపై మాత్రం దీపాలు పెట్టకపోవడమే ఉచితం.